నా చొక్కా వేసుకున్నవాడు

ప్రభువు ప్రేమలో ఈ సంఘ పత్రిక చేతపట్టుకున్న సహోదరీ సహోదరులందరికీ నా వందనాలు. నా పేరు ప్రభాకర్, పుట్టింది తెనాలి వైపు, బ్రతుకుతున్నది హైదరాబాదు కొత్తగూడలో. సాక్ష్యం రాయమని పాస్టరు గారు ఎప్పటినుంచో వెంటపడుతున్నా తప్పించుకు తిరిగాను, ఎందుకంటే నా సాక్ష్యంలో మంచం దిగి పరుగెత్తిన రోగి లేడు, జబ్బు పడిన మనిషి జబ్బుతోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, అది విని "మరి దేవుడు చేసిందేముంది?" అని అడిగేవాళ్ళు మనలో తక్కువేం కాదని నాకు తెలుసు. చేశాడయ్యా, చేశాడు! ఆ రోజుల్లో మా ఇంట్లో పట్టపగలే చీకటి కూర్చుని ఉండేది. అందులోంచి ఆయన మమ్మల్ని చెయ్యి పట్టి బయటికి లాగాడు. చెబుతాను, కాస్త ఓపిక పట్టి చదవండి.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉన్న కాలమది. బంద్ పిలుపు వచ్చిందంటే మియాపూర్ డిపోలో బస్సు కదలదు, మాదాపూర్ అద్దాల మేడల గేట్లు మూతపడతాయి, మా ఆఫీసు వాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమంటారు. నా భార్య సుజాత నర్సు. బంద్ అంటే ఆమెకు సెలవు కాదు, తర్వాతి డ్యూటీ వాళ్ళు రాలేకపోతే తను ఆసుపత్రిలోనే ఉండిపోవాలి. అలాంటి ఒక బంద్ రోజు పొద్దున్నే నేను ఉప్మా గిన్నె తీసుకుని మా అత్తగారి గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద కూర్చుని నన్ను కాళ్ళ నుంచి తలదాకా చూసి, నాతో కాదు, నా భుజం పక్కన ఉన్న ఖాళీ చోటుతో అంది.

"గీ పిలగాడు ఎవ్వలు? మా అల్లుని అంగి ఏసుకొని వచ్చిండు."

నేను నవ్వాను, వేళాకోళం చేస్తోందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

మా అత్తగారి పేరు కృపమ్మ. మెదక్ వైపు పల్లె. మామగారు ప్రభువునందు నిద్రించాక మా దగ్గరికి వచ్చేసింది. వాళ్ళ ఇంట్లో పాతకాలపు పద్ధతి ఒకటుండేది. అల్లుడు కనబడగానే అత్త కొంగు తలమీదకు లాక్కుని లేచి పక్కకు నిలబడాలి. "కూర్చోండి అత్తయ్యా, ఇది మీ ఇల్లు" అని ఎంత మొత్తుకున్నా ఆ పద్ధతి మానలేదు, కానీ ఆ కొంగు చాటునుంచే నన్ను ఆటపట్టించేది. "మీ ఆంధ్రోళ్ళు పిల్లిని గూడ అండీ అంటరు గద" అని ముసిముసిగా నవ్వేది. బయట ఆంధ్ర, తెలంగాణ అని ఊరు ఊరంతా కొట్టుకుంటున్నప్పుడు కూడా మా ఇంట్లో ఆ మాట నవ్వులోనే ఉండేది. అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది. డాక్టరు గారు మందులు రాసి, ఈ జబ్బులో కొందరు ఇంట్లో వాళ్ళనే వేరేవాళ్ళు అనుకుంటారు, మీరు వాదించకండి అని చెప్పారు. వినడానికి తేలిగ్గానే ఉంది.

వాదించకుండా ఉండటం నా వల్ల అవుతుందా? సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. పెళ్ళి ఆల్బం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, "చూడండత్తయ్యా, ఇది నేను, ఇది సుజాత, ఈ పక్కన మీరు" అని వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఫోటో వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ ఫోటో వంక చూసింది. "గీ ఫోటోల ఉన్నాయన మా అల్లుడే," అంది నెమ్మదిగా. "నువ్వే ఆయనవు గాదు."

ఆ తర్వాత ఆ ఇంకొక మనిషి రావడం మొదలైంది, సహోదరులారా. ఎలా చెప్పాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటుంటాను. బంద్ కాబట్టి కింద రోడ్డు మీద ఒక్క బండి లేదు, లిఫ్టు కదలదు, ఎక్కడో కొత్తగూడ చౌరస్తా నుంచి నినాదాలు గాలికి తేలి వచ్చి ఆగిపోతుంటాయి. ఉన్నట్టుండి ఆవిడ తల ఎత్తి నా వెనక గుమ్మం వైపు చూస్తుంది. చూసి, కొంగు తలమీదకు లాక్కుని, మంచం దిగి, గోడ పక్కకు ఒదిగి నిలబడుతుంది. నాకోసం ఆ పని చేయడం మానేసి చాలా రోజులైంది. అల్లుడికి చూపించే ఆ మర్యాద ఆవిడ ఇప్పుడు ఖాళీ గుమ్మానికి చూపిస్తోంది.

"వచ్చినవా బిడ్డా," అనేది గుమ్మంతో. "గీడు పొద్దుగాల నుంచి ఈడనే ఉంటున్నడు, నీ కుర్చీల కూసుంటున్నడు. జర భద్రం."

వెనక్కి తిరిగి చూడకూడదని ఎంత పట్టుబట్టినా మెడ దానంతట అదే తిరిగేది. గుమ్మంలో ఎవరూ ఉండరు. ఉండరని తెలిసి కూడా వీపు మీద చలి పాకేది. నిజం చెప్పమంటే భయం కంటే కూడా నన్ను ఎక్కువ కోసింది ఇంకొకటి. ఆ ఖాళీ గుమ్మంతో మాట్లాడేటప్పుడు ఆవిడ ముసిముసిగా నవ్వేది. నాకు రావలసిన నవ్వు అది.

ఇంకా పెద్ద కష్టం అన్నం దగ్గర వచ్చింది. నా చేతి ముద్ద ఆవిడ ముట్టేది కాదు. దొంగ చేతి కూడు ఎవరు తింటారు? కంచం గుమ్మం దగ్గర పెట్టి నేను అవతలికి వెళ్ళిపోతే, "మా అల్లుడు తిన్నంక తింట" అని ఎదురుచూస్తూ కూర్చునేది, ఆ అల్లుడు తినేదెప్పుడు, ఈవిడ తినేదెప్పుడు? సుజాత ఇంట్లో ఉంటే నాలుగు ముద్దలు లోపలికి పోయేవి. సుజాత ఆసుపత్రిలో చిక్కుకుపోతే ఆ పూటంతా ఉపవాసమే. ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. బంద్‌లు చూస్తే ఇంకా పెరుగుతున్నాయి గానీ తగ్గే సూచన లేదు. ఇలాగే సాగితే ఆవిడ దక్కదు, లేదా నా మతి దక్కదు, రెండిట్లో ఒకటి ఖాయమని తేలిపోయింది.

నా మతి సంగతి కూడా చెప్పాలి. ఒక పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలోని మనిషి నాకంటే ఒక్క లిప్త ఆలస్యంగా తల తిప్పినట్టు అనిపించింది. నిద్రలేమి అనుకున్నాను, కానీ గడ్డం గీసుకోవడం మానేశాను. ఇంకో మధ్యాహ్నం హాల్లో ఆఫీసు ఫోను మాట్లాడుతున్నాను, లోపలి గదిలో అత్తగారి నవ్వు వినబడింది, ఆ నవ్వుకు బదులుగా మగగొంతు ఏదో మెల్లగా "అవునండీ" అన్నట్టు వినబడింది. ఫోను పడేసి పరుగెత్తాను. ఆవిడ ఒక్కతే ఉంది, తలమీద కొంగు వేసుకుని నిలబడి ఉంది. గుమ్మం ఇవతల నా చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. వాటిని నేను బయటి తలుపు అవతల విడిచాను. ఆవిడే తెచ్చి పెట్టి ఉంటుందని ఇప్పుడు తోస్తుంది, కానీ ఆ రోజు నా బుర్రకు ఆ మాట తట్టలేదు. ఆ చెప్పులు తొడుక్కోవడానికి నాకు కాళ్ళు రాలేదు. ఆవిడను లోపలే ఉంచి, బయట గొళ్ళెం పెట్టి, వట్టి కాళ్ళతో ఎటో వెళ్ళిపోతానేమోనని ఆ రోజు మొదటిసారి భయపడ్డాను.

సంగతి సంఘం పెద్దలకు తెలిసింది. అప్పుడు పాస్టరు గారు పరిచర్య పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. విడుదల ప్రార్థనలు చేసే ఒక సహోదరుడు పక్క ఊరి నుంచి వచ్చి ఉంటే ఆయనను వెంటబెట్టుకుని ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు, పొద్దుటి నుంచి మా కోసం ఉపవాసం ఉండి, ఎండలో నడిచి వచ్చారు. సుజాత డ్యూటీలో ఉంది. నేనే సరేనన్నాను. కిటికీలు మూసి, అందరూ ఆవిడ చుట్టూ నిలబడి, నుదుటి మీద నూనె రాసి, పెద్ద గొంతులతో ప్రార్థన మొదలుపెట్టారు. మన వాళ్ళు ఇలాంటి చోట ఏం చేస్తారో మీకు తెలిసిందే. ఆ సహోదరుడు ఆవిడ తలమీద చెయ్యి పెట్టి, "యేసు నామంలో అడుగుతున్నాను, నీ పేరు చెప్పు" అని గద్దించాడు. ఆవిడ గోడకు అతుక్కుపోయింది. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆవిడ నోట్లోంచి ఆవిడది కాని గొంతు వచ్చింది, సన్నగా, చిన్నపిల్ల గొంతు.

"పోశమ్మ. నా పేరు పోశమ్మ."

గ్రామదేవత పేరు, అదీ ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ముసలామె నోటి నుంచి! అందరికీ రోమాలు నిక్కబొడుచుకున్నాయి, నాకూ అంతే. ఇక ప్రార్థన కేకలైంది. పో, ఈ శరీరాన్ని విడిచి పో, అని అందరూ ఒక్కటే అరుపు. ఆవిడ రెండు చేతులూ తలమీద పెట్టుకుని వణికిపోతూ, "ఏడికి పోవాలె? నన్ను ఏడికి పొమ్మంటున్నరు?" అని ఏడ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

వెళ్ళేటప్పుడు ఆ సహోదరుడు, ఇది తరాల నాటిది, అంత తేలిగ్గా పోదు, పోయేవరకు ఈ ఇంట్లో ఎవరూ అన్నపానాలు పుచ్చుకోకండి అని హెచ్చరించాడు. దాంతో మా గుమ్మం తొక్కేవాళ్ళే లేకుండా పోయారు. అంతకుముందు గిన్నెలో కూర తెచ్చి ఇచ్చే అక్కలు కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్ళడం మొదలుపెట్టి, తర్వాత అదీ మానేశారు. సుజాతను అడిగాను, మీ అమ్మకూ పోశమ్మ అన్న పేరుకూ ఏమైనా సంబంధం ఉందా అని. తను పుట్టేటప్పటికే వాళ్ళది క్రైస్తవ ఇల్లు, ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ కృపమ్మే, అడుగుదామంటే అమ్మ వైపు వాళ్ళు ఎవరూ మిగల్లేదు. "నాకేం తెలవదండి, నన్ను అడగకుండ్రి" అని తను కూడా ఏడ్చింది. మా పెళ్ళయ్యాక నా "అండి" తనకు పట్టుకుంది, ఆ ఏడుపులో కూడా వదల్లేదు.

ఆ పేరు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడే వేళ ఆవిడ ఉన్నట్టుండి బొంగురు గొంతుతో "పోశీ, ఓ పోశీ" అని పిలిచేది. పిలిచి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తనే సన్నగొంతుతో "ఆ, వస్తున్ననే" అని బదులిచ్చేది. ఒక్క నోరు, రెండు గొంతులు. నేను హాల్లో గోడకు చేరగిలబడి చెవులు మూసుకునేవాణ్ణి. అలాంటి ఒక మధ్యాహ్నం వంటగదిలో, ఆవిడ ముట్టని కంచం ముందు మోకాళ్ళ మీద పడ్డాను. ఆ ప్రార్థన నాకు మాట మాటా గుర్తుంది.

"ప్రభువా, పెద్ద ప్రార్థన చేసే ఓపిక నాకు లేదు. ఆమెలో ఏముందో నాకు తెలియదు, నాలో మాత్రం ఏమీ మిగల్లేదు. దేన్నో పంపించేయమని అడగను. ఒక మనిషిని పంపు తండ్రీ. ఈ ఇంట్లోకి వచ్చి కూర్చునే మనిషిని ఒక్కరిని పంపు. ఆమెన్."

మర్నాడు కూడా బంద్. పూర్తిగా పొద్దెక్కక ముందే తలుపు చప్పుడైంది. చూస్తే కొండాపూర్‌లో ఉండే సలోమి ఆంటీ, మన సంఘంలో ముందు వరసలో కూర్చుని పాటను అందరికంటే ముందే ముగించేసే ఆవిడే. జహీరాబాద్‌లో కూతురి కాన్పుకు వెళ్ళి అప్పుడే తిరిగొచ్చిందట, రాగానే మా సంగతి విని, బస్సు లేకపోయినా ఆటో లేకపోయినా నడిచి వచ్చేసింది. నేను తలుపు సగం తీసి, "లోపలికి రాకండి ఆంటీ, అందరూ రావద్దన్నారు" అన్నాను.

"అందరు అంటే ఎవ్వలు? దేవుడన్నడా?" అంది. "మొఖం గిట్లైందేంది బిడ్డా? జర జరుగు, కాళ్ళు గుంజుతున్నయి."

లోపలికి వచ్చి, చల్లటి నీళ్ళు అడిగి తాగి, జరిగిందంతా చెప్పమంది. నేను గుసగుసగా చెప్పుకుంటూ వచ్చాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "పోశమ్మ అన్నదా?" అని అడిగి, పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ప్రాణం పోతుంటే ఈవిడకు నవ్వులాట ఏమిటి?

"నా పేరేందో ఎరుకనా నీకు?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ముత్యాలమ్మ. మా అవ్వ పెట్టిన పేరది. బాప్తిస్మమప్పుడు అయ్యగారు సలోమి అని మార్చిండు. సంఘంల మా ఈడు ముసలోళ్ళను అడుగు పో, ఎల్లమ్మలు, మైసమ్మలు ఎంతమంది తేలుతరో. ఆ నూనె రాసినాయన నాయనమ్మ పేరు గూడ అడుగు. పాత పేరు ఎవ్వలు పలుకుతరు బిడ్డా? పాపమని దాచిపెట్టుకుంటిమి. పిల్లలకు గూడ చెప్పకపోతిమి."

ఆ మాట నా బుర్రకు ఎక్కేసరికి ఆవిడ అప్పటికే లోపలి గదిలోకి వెళ్ళి, మంచం పక్కన నేలమీద కూర్చుంది. కొంచెం దూరంగానే కూర్చుంది. ఎవరివి నువ్వు అని గద్దించలేదు. పొలం గట్టు మీద కలిసిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"పోశవ్వా, ఎవ్వల బిడ్డవే నువ్వు?"

మా అత్తగారి ముఖం ఎలా మారిందో ఎలా చెప్పను! ఎన్నో రోజుల తర్వాత ఎవరో తనను తన పేరుతో పిలిచారు. వాళ్ళ అమ్మ పేరు చెప్పింది, మేకల సంగతి చెప్పింది, మేకలు తప్పిపోతే వాళ్ళమ్మ బొంగురు గొంతుతో "ఓ పోశీ" అని కేకేసేదట, అదీ చెప్పింది. వాగులో అయ్యగారు ముంచితే నీళ్ళు చల్లగా ఉండి ఊపిరాడలేదట, బయటికొచ్చాక తెల్ల చీర కట్టారట. "కృప అని పెట్టిండు," అంది సిగ్గుపడుతూ. "మంచి పేరేనా?"

"మంచి పేరే," అంది సలోమి ఆంటీ. "రెండు మంచియే."

గుమ్మంలో నిలబడి అదంతా వింటూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పేరు చెప్పమంటే ఆ తల్లి నిజమే చెప్పింది కదా. జబ్బు ఆవిడను చిన్నతనానికి తీసుకుపోయింది, కృపమ్మ కాకముందటి రోజుల్లో ఆవిడ ఒక పిల్లగా నిలబడి ఉంటే, మేమంతా చుట్టూ చేరి ఆ పిల్లను పొమ్మని అరిచాము. ఎక్కడికి పోతుంది? మన అవ్వలందరికీ ఉన్న పేరే అది, మనకు తప్ప ఇంకెవరికీ అది అంత భయంకరంగా వినబడదు.

సలోమి ఆంటీ నన్ను హాల్లోకి తీసుకొచ్చింది. "ఆమెది తెలిసింది. ఇగ నీ సంగతి చెప్పు." అద్దం గురించి, చెప్పుల గురించి, ఆ "అవునండీ" గురించి చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. బయటికి పోయి ఎన్నాళ్ళయిందని అడిగింది. నాకు గుర్తు రాలేదు.

"మా ఆయనకు గూడ గిదే బీమారి," అంది. "నన్ను దొంగది అనేటోడు. నిజంగనే నేను అప్పుడు నేను గాదు బిడ్డా, నవ్వు లేదు, పాట లేదు, ఊకె తాళాలు ఏసుకుంట తిరుగుడే. మీ అత్త అబద్ధం చెప్తలేదు. ఆ అల్లుడు ఇంట్ల లేడు, ఎప్పుడో పోయిండు. నేనుంట ఈడ. నువ్వు పోయి ఆయన్ని తీస్కరా పో."

నా తలమీద చెయ్యి పెట్టి, "తండ్రీ, సగం మనిషిని తోలుతున్న, మొత్తం మనిషిని చేసి నాకు తిరిగియ్యి" అని ప్రార్థించి, నన్ను నిజంగానే తలుపు బయటికి నెట్టింది.

మెట్లు దిగి రోడ్డు మీదకు వచ్చాను. ఆ ఎండ, ఆ గాలి నా ఒంటికి కొత్తగా తగిలాయి. మాదాపూర్ వైపు చూస్తే అద్దాల మేడలు ఎవరూ లేకుండా ఆకాశాన్ని చూపిస్తూ నిలబడి ఉన్నాయి, అంత పెద్ద రోడ్డు మీద కుక్క ఒకటి నడిమధ్యన పడుకుని ఉంది. లోకంలో మనుషులందరినీ తీసుకుపోయి నన్నొక్కణ్ణే మరిచిపోయారేమో అనిపించింది. అలా నడుస్తూ కొత్తగూడ చౌరస్తాకు వచ్చేసరికి డప్పుల చప్పుడు, జనం. రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆ రోజుల్లో నాలాంటి వాడు అలాంటి చోట నోరు విప్పడానికి జంకేవాడు, నోరు విప్పితే ఊరు తెలిసిపోతుంది. పక్కనుంచి జారుకుందామనుకుంటే గరిటె పట్టుకున్న ఒకావిడ నా చేతిలో ఇస్తరాకు పెట్టేసింది.

"ఏందన్నా, బీమారున్నవా? మొఖం గట్లున్నది."

"మా అత్తగారికి ఒంట్లో బాగోలేదండీ, నేనే చూసుకుంటున్నాను," అనేశాను.

ఆ "అండీ" విని చుట్టుపక్కల వాళ్ళు నా వంక చూశారు. ఆవిడ గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకో గరిటె పప్పుచారు పోసి, "అత్తను చూస్కుంటున్నవా? కూసో అన్నా, మంచిగ తిను" అని నాకు చోటు చూపించింది. ఎవరో జరిగారు. వేడి వేడి అన్నం, పప్పుచారు. ఎన్నాళ్ళకో మనుషుల మధ్య కూర్చుని తిన్నాను, కన్నీళ్ళు అన్నంలో పడుతుంటే దాచుకోలేదు. పక్కనున్న ముసలాయన పొయ్యి పొగ అనుకుని నన్ను అటు జరగమన్నాడు, నాకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే గుర్తు లేదు, అది విని నేనే ఉలిక్కిపడ్డాను.

ఇంటికి తిరిగి మెట్లెక్కి తలుపు తట్టాను. సలోమి ఆంటీ తలుపు తీసింది. ఆవిడ ముఖం కొంచెం పాలిపోయి ఉంది, అది గమనించాను. లోపలికి అడుగు పెట్టగానే గది గుమ్మంలో నిలబడి ఉన్న మా అత్తగారు నన్ను చూసింది. చూసి, చటుక్కున కొంగు తలమీదకు లాక్కుని గోడ పక్కకు జరిగింది.

అలవాటు కొద్దీ నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. ఆ కొంగు నాకోసమే.

"గింతసేపాయె బిడ్డా?" అంది కొంగు చాటునుంచి. "ఎవడో నీ అంగి ఏసుకొని ఇన్ని దినాలు ఈడనే ఉండె. ఇప్పుడే పోయిండు. మెట్ల మీద నీకు ఎదురు పడలేదా?"

డాక్టరు గారు చెప్పిన మాట, వాదించకండి అన్నది, ఆ క్షణంలో నాకు అర్థమైంది. "ఎదురయ్యాడత్తయ్యా," అన్నాను. "వెళ్ళిపోయాడు. మీరు అన్నం తినండి."

ఆ మధ్యాహ్నం ఆవిడ నా చేతి ముద్ద తిన్నది, సహోదరులారా. ఒక్కొక్క ముద్దే, కంచం ఖాళీ అయ్యేదాకా. దేవునికే మహిమ! వెళ్ళబోయేముందు సలోమి ఆంటీ నన్ను పక్కకు పిలిచి, నేను లేనప్పుడు బయటి తలుపు తెరిచి మూసిన చప్పుడు వినబడిందని, మా అత్తగారు అటు చూసి "పోయిండు" అన్నదని, తను లేచి వెళ్ళి చూస్తే గొళ్ళెం వేసినట్టే ఉందని చెప్పింది. "నేను విన్నది గంతే," అంది. "ఇగ దేవునికెరుక." నాకూ అంతకంటే తెలియదు, తెలుసుకోవాలని అడగలేదు కూడా.

పాస్టరు గారు ఊరి నుంచి వచ్చి సంగతంతా విని, ముందు మా అత్తగారి దగ్గరికి వచ్చి ఆవిడ పాదాల దగ్గర కూర్చుని రెండు పేర్లతోనూ పిలిచి క్షమించమన్నారు. తర్వాతి ఆదివారం ఆరాధనలో నిలబడి, ఇంట్లో ముసలివాళ్ళను చూసుకుంటూ గుడికి రాలేకపోతున్నవాళ్ళు ఎవరెవరున్నారని అడిగారు. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మియాపూర్‌లో ఒక అక్క, మాదాపూర్‌లో భర్తను చూసుకునే ఒక ముసలమ్మ, ఇలా ఒక్కొక్క పేరూ బయటికి వచ్చింది, నేనొక్కణ్ణే ఇంట్లో చిక్కుకున్నాననుకున్నాను గానీ మన సంఘంలోనే ఎన్ని తలుపులు మూసి ఉన్నాయో. ఆ రోజు నుంచి మనం వంతులు పెట్టుకున్నాం. వెళ్ళినవాళ్ళు ప్రసంగం చేయకూడదు, పెద్ద గొంతుతో ప్రార్థించకూడదు, ఊరికే కూర్చోవాలి, ఇంటి మనిషిని బయటికి పంపాలి. మా ఇంట్లో ఆ రోజు నూనె రాసి అందరికంటే గట్టిగా అరిచిన ఆ సహోదరుడే పక్క ఊరి నుంచి మా మొదటి వంతుకు వచ్చాడు. అత్తగారు ఆయనను గుర్తుపట్టి "నూనెగాడు వచ్చిండు, కిటికీ తెరువుండ్రి" అంటే, ఆయన లేచి కిటికీలన్నీ తెరిచాడు.

జబ్బు ఆగలేదు, పెరిగింది. ఆ ఇంకొకడు మళ్ళీ మళ్ళీ వచ్చాడు, నేను దొంగనయ్యాను, అల్లుణ్ణయ్యాను, మళ్ళీ దొంగనయ్యాను. కానీ నాకు భయం పోయింది. దొంగనైన రోజు సలోమి ఆంటీకో, మరొకరికో ఫోను చేసేవాణ్ణి, వాళ్ళు వచ్చేవాళ్ళు, నేను కాసేపు నడిచి వచ్చేవాణ్ణి. రాష్ట్రం వచ్చింది, చౌరస్తాలో టపాకాయలు కాల్చారు, ఆ చప్పుడుకు ఆవిడ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు.

చివరి రోజు పొద్దున సుజాత ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాము. ఊపిరి బరువుగా ఉంది. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూసింది. అల్లుడని పోల్చుకోలేదు, దొంగ అని కూడా అనలేదు. వేళ్ళతో నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నువ్వు ఎవ్వలో గాని మంచోనివి," అంది. "మా అల్లుడు వచ్చేదాంక జర నా దగ్గర ఉండు."

"ఉంటానండీ," అన్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు, నేనూ వదల్లేదు.

ప్రియులారా, నన్ను విడిపించిన దేవుడు ఒక కేకతో విడిపించలేదు, నడిచి వచ్చిన ఒక ముసలమ్మ కాళ్ళతో విడిపించాడు. ఆయనను నమ్మండి, నిస్సంకోచంగా అడగండి, మనిషే కావాలని అడగండి, పంపుతాడు. మీకు బలముంటే మీరే ఆ మనిషి కండి. మీకు తెలిసిన ఏదో ఒక ఇంట్లో ఈ వారం ఒక కొడుకో కోడలో ముట్టని కంచం ముందు కూర్చుని ఉంటారు. వెళ్ళి తలుపు తట్టండి. నా మొర విని మా తలుపు తట్టించిన ప్రభువుకే స్తోత్రం కలుగును గాక. ఆమెన్.